ధ్యానం మంచిదే, బిళ్ళ మాత్రం మానకండి

(రేడియోలో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



భోజనాలయి, వంటిల్లు కడుక్కుని, కాస్త నడుం వాలుద్దామనుకునే వేళ కదూ ఇది. ఈ వేళప్పుడు ఎయిడ్సు మాట ఎత్తిందేమిటీవిడ అనుకుంటున్నారేమో. ఆ మాట వినపడగానే పక్కన పిల్లలున్నారని రేడియో గొంతు తగ్గించే ఇళ్ళు చాలా ఉన్నాయి. మా ఇల్లూ ఒకప్పుడు అలాంటిదే. ఇవాళ మాత్రం గొంతు తగ్గించకుండా వినండి. ఆ జబ్బున్న మనిషికి మనసు కుదుటపడితే ఒంట్లో బలం కూడా నిలుస్తుందా అని డాక్టర్లు ఏళ్ళ తరబడి వెతికారు. ఆ వెతుకులాట సంగతి చెప్పాలని వచ్చాను. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. అదీ చెబుతాను.

నేను డాక్టర్ని కాను. పదో తరగతి పాసయి, పెళ్ళయి, సంసారంలో పడ్డదాన్ని. అప్పుడప్పుడూ మీతో నాలుగు మాటలు చెప్పుకోవడం తప్ప నాకు పెద్ద చదువేమీ లేదు. మా అక్క కూతురు మందుల తయారీ చదువు చదివింది. ఇంగ్లీషులో ఉన్న పరిశోధన పత్రాలు ఆ పిల్ల నా పక్కన కూర్చుని వాక్యం వాక్యం తెలుగులో చెప్పింది. అర్థం కానిచోట విసిగించి మళ్ళీ చెప్పించుకున్నాను. నోటుబుక్కులో రాసుకున్నవే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

2008వ సంవత్సరం వర్షాకాలంలో పేపర్లో ఒక చిన్న వార్త చూశాను. అమెరికాలో లాస్ ఏంజెలస్ నగరంలో ధ్యానం నేర్చుకున్న హెచ్.ఐ.వి. రోగులకు జబ్బు ముదరకుండా ఆగిందని దాని సారాంశం. చదవగానే నాకు ఒళ్ళు పులకరించింది. ఎందుకంటే మా పెద్దమ్మగారి కోడలు, మా వదిన, ఆ జబ్బుతో ఉంది. అన్నయ్య 2003లో పోయాడు. పోయాకగాని ఎందుకు పోయాడో ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. వదినకు పరీక్ష చేస్తే ఉందన్నారు. మూడేళ్ళ కొడుక్కి లేదన్నారు. అదొక్కటే దేవుడి దయ. మన దేశంలో 2004 ఏప్రిల్ ఒకటో తేదీనుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ఇచ్చిన ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మరుసటి ఏడాది వదినకూ మొదలుపెట్టారు.

ఆ వార్త కత్తిరించి, కవర్లో పెట్టి వదినకు పోస్టు చేశాను. అడుగున నా చేత్తో ఒక ముక్క కూడా రాశాను. "వదినా, చూశావా, మందుల కంటే మన ధ్యానమే గొప్పదట" అని. ఎవరు చెప్పారు అలా? వార్తలో లేదు. పరిశోధకులు అనలేదు. నా ఉత్సాహంకొద్దీ నేనే అన్నాను.

దాని ఫలితం చెప్పేముందు ఆ లాస్ ఏంజెలస్ వాళ్ళు నిజంగా చేసిందేమిటో చెప్పాలి. దానికి ముందు మన ఒంట్లో సంగతి కొంచెం తెలియాలి.

మన రక్తంలో తెల్లకణాలుంటాయని చిన్నప్పుడు చదువుకున్నాం. వాటిలో సీడీ4 అని ఒక రకం ఉంది. పెళ్ళింట్లో పెద్ద ముత్తైదువ ఉంటుంది చూడండి. ఆవిడ తన చేత్తో గుండిగ దించదు, విస్తరి వెయ్యదు. కాని "ఒసేయ్, అటు పులుసు వెళ్ళలేదు, ఇటు నెయ్యి రాలేదు" అని అందర్నీ కదిలించేది ఆవిడే. ఆవిడ మంచానపడితే వంటవాళ్ళు పదిమంది ఉన్నా పంక్తి సాగదు. సీడీ4 కణాల పని అదే. లోపలికి వచ్చిన క్రిమిని చూసి మిగతా కణాల్ని పనికి పురమాయించడం. హెచ్.ఐ.వి. వైరస్ ఏరికోరి ఈ ముత్తైదువనే పట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1500 దాకా ఈ కణాలుంటాయి. 200 కంటే తగ్గితే దాన్ని ఎయిడ్సు దశ అంటారు. అప్పుడు మామూలు మనిషిని ఏమీ చెయ్యలేని క్రిములు కూడా మీదపడతాయి.

ఈ వైరస్‌ను 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కనిపెట్టారు. కనిపెట్టిన వారిలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ అనే ఆవిడ ఉన్నారు. 2008లో ఆవిడకు, ల్యూక్ మాంటనియేకు నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దేశంలో దీన్ని మొదట పట్టుకున్నదీ ఆడవాళ్ళే. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ దగ్గర చదువుకుంటున్న నిర్మల అనే అమ్మాయి రక్తం నమూనాలు పోగుచేసి, ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, రాత్రి రైల్లో వేలూరు తీసుకువెళ్ళి పరీక్ష చేయించింది. ఫ్రిజ్‌లో పాలు, పెరుగు పక్కన ఆ సీసాలు! మనమైతే ఒప్పుకునేవాళ్ళమా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. సరే, దారి తప్పాను.

మనసులో దిగులుకూ ఈ కణాలకూ సంబంధం ఉందా అని అడిగినవాళ్ళలో లాస్ ఏంజెలస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని స్టీవ్ కోల్ ముఖ్యుడు. 1996లో ఆయన, తోటివారు ఒక సంగతి బయటపెట్టారు. పురుషుల మీదే ఇష్టం ఉన్న పురుషులు, హెచ్.ఐ.వి. సోకిన 80 మందిని తొమ్మిదేళ్ళపాటు గమనించారు. తమ ఇష్టం సంగతి లోకానికి తెలియకుండా దాచుకుని బతికినవాళ్ళలో జబ్బు త్వరగా ముదిరిందట. దాపరికమే చంపిందని ఆయన అనలేదు గాని, దాపరికం ఉన్నచోట జబ్బు వేగం హెచ్చిందన్నారు. మందులు ఇంకా సరిగా లేని రోజుల సంగతి అది. తరవాత ఆయనే ప్రయోగశాలలో ఇంకొకటి చూపించారు. మనం భయపడ్డప్పుడు, కంగారుపడ్డప్పుడు ఒంట్లో ఊరే నారెపినెఫ్రిన్ అనే పదార్థం కణాలకు తగిలిస్తే, వైరస్ పిల్లలు పెట్టడం ఎక్కువైంది. అంటే గుండె దడదడలాడే మనిషి రక్తం ఈ వైరస్‌కు కాస్త అనుకూలమైన నేల అన్నమాట.

మరి దడ తగ్గిస్తే? సహజంగా వచ్చే ప్రశ్నే కదా.

దడ తగ్గించే పద్ధతి ఒకటి అమెరికాలో అప్పటికే ఉంది. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వైద్యశాలలో జాన్ కబట్-జిన్ అనే ఆయన దాన్ని మొదలుపెట్టారు. ఆయన డాక్టరు కాదు, జీవశాస్త్రం చదివినవాడు. బౌద్ధుల ధ్యానం, మన హఠయోగం రెండూ నేర్చుకున్నాడు. ఏ మందుకూ తగ్గని నొప్పులతో బాధపడే రోగుల్ని చేరదీసి, మతం ఊసు లేకుండా, ఎనిమిది వారాల తరగతులు పెట్టాడు. వారానికొకసారి రెండు రెండున్నర గంటలు అందరూ కలిసి కూర్చోవడం, మధ్యలో ఒక రోజంతా మౌనంగా గడపడం, ఇంట్లో రోజూ ముప్పావు గంట సాధన. మొదటి తరగతిలో తలా ఒక కిస్‌మిస్ పండు చేతిలో పెడతారు. దాన్ని ఎన్నడూ చూడనట్టు చూడాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని ఊరుకోవాలి, ఆ తరవాత నమలాలి. ఒక్క కిస్‌మిస్‌కు అయిదు నిమిషాలు! పాయసంలోకి పిడికెడు వేసి కలిపేసే మనకు నవ్వు వస్తుంది.

ఇంగ్లీషులో దీనికి మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు. పెద్ద పెద్ద సంస్కృతపు మాటలు వెతుకుతున్నారు గాని, మనింట్లో మాట ఒకటి ఉండనే ఉంది, ధ్యాస. "ధ్యాస ఎక్కడ పెట్టావే, పాలు పొంగిపోతున్నాయి" అని మా అమ్మ ఎన్నిసార్లు నెత్తిన మొట్టిందో. చేస్తున్న పనిమీద, తీస్తున్న ఊపిరిమీద ధ్యాస ఉంచడం, అది జారిపోతే తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవడం. అంతే దాని గుట్టు.

ఇప్పుడు లాస్ ఏంజెలస్ సంగతి. డేవిడ్ క్రెస్వెల్ అనే పరిశోధకుడు, కోల్, ఇంకొందరు కలిసి మానసికంగా బాగా నలిగిపోయిన 48 మంది హెచ్.ఐ.వి. రోగుల్ని తీసుకున్నారు. చీట్లు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈ ఎనిమిది వారాల ధ్యాస తరగతులు. రెండో జట్టుకు ఒకేఒక్క రోజు తరగతి. ముందూ వెనకా సీడీ4 లెక్క తీశారు. ఒక్కరోజు తరగతి వాళ్ళకు ఆ లెక్క తగ్గింది. ఎనిమిది వారాలు కూర్చున్నవాళ్ళకు ఉన్నది ఉన్నట్టే నిలిచింది. ఎవరు ఎక్కువ తరగతులకు వెళ్ళారో వాళ్ళకు ఎక్కువ మేలు. మందులు వాడుతున్నవాళ్ళనూ వాడనివాళ్ళనూ విడదీసి లెక్కవేసినా తేడా తేడాగానే ఉంది.

సంతోషించవలసిన వార్తే. కాని అక్క కూతురు ఈ పత్రం చదివి వినిపిస్తుంటే నా చెవులకు మూడు సంగతులు గట్టిగా తగిలాయి. ఒకటి, లెక్క పెరగలేదు, తగ్గకుండా ఆగింది. రెండు, నలభై ఎనిమిది మందే, రెండు నెలలే. సీడీ4 లెక్క అసలు నిలకడైనది కాదు. రోజులో వేళనుబట్టి మారుతుంది, చిన్న జలుబు చేస్తే మారుతుంది. కొద్దిమందిలో చూసినప్పుడు అనుకోకుండా కూడా తేడా కనిపించవచ్చు. అందుకే చిన్న అధ్యయనం అని ఆ పరిశోధకులు పేరులోనే రాసుకున్నారు. మూడోది, మందులు వాడేవాళ్ళెవరినీ మందులు మానమనలేదు. నేను కత్తిరించిన వార్తలో ఈ మూడింట్లో ఒక్కటైనా ఉందో లేదో నాకు గుర్తులేదు. ఉన్నా నా కంటికి ఆనలేదు.

వదినకు ఆ రోజుల్లో మందులతో చాలా యాతనగా ఉండేది. అప్పట్లో ఇచ్చే మూడు మందుల్లో స్టావుడిన్ అని ఒకటి ఉండేది. అది వాడగా వాడగా అరికాళ్ళు మంటలెత్తేవి, బుగ్గలు లోపలికి పోయేవి. 2009లో ప్రపంచ ఆరోగ్యసంస్థ కూడా దాన్ని క్రమంగా మానిపించమని దేశాలకు చెప్పింది. కాని అప్పటికి అదే ఉంది. వదిన తడి గోనెపట్టా మీద పాదాలు పెట్టుకుని కూర్చునేది. "ఏమ్మా, అలా చిక్కిపోయావు" అని ఇరుగుపొరుగు అడిగినప్పుడల్లా ఒక అబద్ధం చెప్పాలి. ఇలాంటి మనిషికి నా ఉత్తరం చేరింది. మానెయ్యడానికి ఒక సాకు కోసం ఆవిడ అప్పటికే వెతుక్కుంటోంది. నేను వెతికి పంపాను.

శ్రావణంలో బిళ్ళలు మానింది. తెల్లవారుజామున గంట, సాయంత్రం గంట ధ్యానంలో కూర్చుంది. మొదట్లో చాలా హాయిగా ఉందట. కాళ్ళ మంట కొంచెం సర్దుకుంది. నిద్ర పట్టింది. ఫోనులో నాతో "అమ్మాయ్, నువ్వు చెప్పింది నిజమే" అన్నది. నేనూ మురిసిపోయాను. ఆ హాయి అబద్ధం కాదు. కాని లోపల ఏం జరుగుతోందో ఆ హాయికి తెలియదు. బిళ్ళ ఆగితే వైరస్ మళ్ళీ లేవడానికి ఎక్కువ రోజులు పట్టదు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. పైగా అప్పటి మూడు మందుల్లో ఒకటి, నెవిరపిన్, మిగతా రెండూ పోయాక కూడా కొన్నాళ్ళు రక్తంలో మిగిలి ఉంటుంది. ఒంటరిగా మిగిలిన ఆ మందును వైరస్ తేలిగ్గా లొంగదీసుకుంటుంది. తరవాత మళ్ళీ మొదలుపెట్టినా అది పనిచెయ్యకపోవచ్చు.

మందులు ఆపి ఆపి వాడితే ఏమవుతుందో పెద్ద ఎత్తున చూసిన అధ్యయనం అప్పటికే వచ్చి ఉంది. దాని పేరు స్మార్ట్. 5,472 మంది పాల్గొన్నారు. సీడీ4 బాగా ఉన్నప్పుడు మందు ఆపి, తగ్గినప్పుడు మళ్ళీ మొదలుపెడితే దుష్ఫలితాలు తగ్గుతాయేమో అని చూశారు. మందు ఆపినవాళ్ళలో పెద్ద జబ్బులు, మరణాలు రెట్టింపుకు పైగా కనబడడంతో 2006 జనవరిలోనే ఆ ఏర్పాటు ఆపేశారు. నేను ఉత్తరం రాసింది రెండున్నరేళ్ళ తరవాత. డాక్టర్లకు తెలుసు. నాకు తెలియదు, వదినకు తెలియదు.

కార్తీకమాసంలో వదినకు జ్వరం పట్టుకుంది. తగ్గితే మళ్ళీ వచ్చేది. నోరంతా తెల్లగా పూసి, మజ్జిగన్నం కూడా మింగలేకపోయింది. ఆస్పత్రిలో సీడీ4 చూస్తే, మానకముందు 420 ఉన్నది 180కి దిగింది. అక్కడ మందులిచ్చే అమ్మాయి "ఎవరు మానమన్నారు?" అని గట్టిగా అడిగింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా గొంతు ఎండిపోయింది. వదిన నావైపు చూడనైనా చూడకుండా, "ఎవరూ అనలేదమ్మా, నేనే మానేశాను" అన్నది.

ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

తరవాత మందులు మార్చారు. కోలుకోవడానికి ఏడాదికి పైన పట్టింది. నేనూ ఆ ఏడాది నెలకోసారి వెళ్ళివచ్చేదాన్ని. వెళ్ళినా ఉత్తరం మాట ఆవిడ ఎత్తలేదు, నేను ఎత్తలేదు.

ఇటు పరిశోధనలు కూడా ఆగలేదు. 2012లో ఇరాన్ దేశం నుంచి ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ ఈ ధ్యాస తరగతుల వల్ల సీడీ4 లెక్క కొన్ని నెలలు పెరిగింది గాని, ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొదటి చోటికే వచ్చింది. ఇక 2018లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఫ్రెడరిక్ హెక్ట్, తోటివారు ప్రచురించింది అన్నిట్లోకీ నన్ను ఆలోచింపజేసింది. 177 మంది, అప్పటికింకా మందులు మొదలుపెట్టనివాళ్ళు. ఒక జట్టుకు ధ్యాస తరగతులు. రెండో జట్టును ఈసారి ఒక్కరోజుతో పంపించెయ్యలేదు. వాళ్ళకూ తరగతులే, కాకపోతే జబ్బును ఎలా చూసుకోవాలో నేర్పే తరగతులు. మూడు నెలలయ్యాక చూస్తే ధ్యాస జట్టువాళ్ళకు దిగులు తగ్గింది, మనసు తేలికపడింది. ఉల్లాసం విషయంలో రెండో జట్టు కంటే కొంచెం ముందున్నారు. ఏడాదికి ఆ తేడా నిలవలేదు. సీడీ4 విషయంలో? రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

చిన్న అధ్యయనంలో కనిపించింది పెద్ద అధ్యయనంలో కనిపించలేదన్నమాట. "అయితే ఆ మొదటివాళ్ళు అబద్ధమాడారా పిన్నీ?" అని మా అక్క కూతుర్ని పక్కింటి పిల్ల అడిగినట్టే నేనూ అడిగాను. లేదట. చూసింది చూసినట్టు చెప్పారు, మళ్ళీ పెద్దగా చూడాలనీ చెప్పారు. చూస్తే నిలవలేదు. పరిశోధన అంటే అదేనట. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మన ఇళ్ళల్లో ఒకసారి పనిచేసిన చిట్కాను మళ్ళీ పరీక్షించి "ఇది పనిచెయ్యటం లేదు సుమండీ" అని ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది?

నాకు మాత్రం ఆ రెండో జట్టు సంగతి వదలలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ధ్యానం చెయ్యని జట్టుకు కూడా ఏడాది తిరిగేసరికి మనసు కొంత మెరుగుపడే సూచనలే కనిపించాయి. లాస్ ఏంజెలస్‌లో ఒక్కరోజుతో పంపించిన జట్టుకే లెక్క తగ్గింది. వారం వారం అదే జబ్బున్న పదిమంది మధ్య, దాచవలసిన పని లేకుండా కూర్చోవడంలోనే సగం మందు ఉందేమో అని నాకు అనిపిస్తుంది. ఇది పరిశోధకుల మాట కాదు, నా ఊహ. కాని వదినను దగ్గరగా చూశాను గనక అంటున్నాను. ఆవిడ రోజుకు రెండు గంటలు ధ్యానం చేసింది, నిజమే. తలుపు గడియ పెట్టుకుని, ఒక్కర్తీ చేసింది. ఆ తలుపు బయట ఉన్నవాళ్ళమెవరం? మనమే. శుభకార్యాలకు పిలిచి, వంటింటి గడప దగ్గర ఆపేవాళ్ళం. ఆవిడ తాగిన గ్లాసు విడిగా కడిగేవాళ్ళం. గ్లాసువల్ల రాదని, కలిసి తింటే రాదని ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. 2017లో చట్టమే వచ్చింది. ఈ జబ్బు ఉందని ఉద్యోగంలో, చదువులో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు, ఒకరి సంగతి వాళ్ళ ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదు అని. మన వంటింటి గడపకు ఏ చట్టం వస్తుంది చెప్పండి.

ఇప్పుడు రోజులు మారాయి. 2015లో 4,685 మందితో చేసిన స్టార్ట్ అనే అధ్యయనంలో, సీడీ4 500 పైన ఉన్నా సరే, ఆలస్యం చెయ్యకుండా మందు మొదలుపెడితేనే మేలని తేలింది. పెద్ద జబ్బులూ మరణాలూ సగానికి పైగా తగ్గాయి. 2017నుంచి మన దేశంలోనూ లెక్క ఎంతున్నా, జబ్బు తేలగానే మందు ఇస్తున్నారు. మూడు మందులు కలిపిన ఒకే బిళ్ళ, రోజుకొక్కటి. అరికాళ్ళ మంటలు తెచ్చే ఆ పాత మందు వాడటం లేదు. సరిగా వేసుకుంటే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం భర్తనుంచి భార్యకుగాని, భార్యనుంచి భర్తకుగాని సోకదని కూడా పెద్ద అధ్యయనాల్లో రుజువైంది. గర్భిణికి సకాలంలో మందిస్తే బిడ్డకు సోకకుండా చాలావరకు కాపాడవచ్చు. పరీక్ష, మందు రెండూ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. అనుమానాలుంటే 1097 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. పేరు చెప్పనక్కర్లేదు.

మరి ధ్యానం వద్దా అంటే, వద్దని ఎలా అంటాను? నేనే చేస్తాను. దిగులుగా ఉన్న మనిషి బిళ్ళ వేసుకోవడం తరచు మరిచిపోతుందని, లేక ఎందుకులే అని మానేస్తుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. దిగులు తగ్గి, నిద్రపట్టి, వేళకు బిళ్ళ వేసుకుంటే అంతకంటే ఏం కావాలి. ఊపిరిమీద ధ్యాస పెట్టి పావుగంట కూర్చోవడానికి ఖర్చు లేదు, కష్టం లేదు. కాని అది సీడీ4ను పెంచుతుందని ఎవరైనా మీకు చెబితే, నేను పంపినట్టు ఫోనులో నలుగురికీ పంపించకండి. మీరు పంపినది ఏ గుమ్మంలో, ఎలాంటి మనిషి చేతిలో పడుతుందో మీకు తెలియదు.

ఈ ప్రసంగం చేస్తానని వదినను అడిగాను. "పేరు చెప్పకు, ఊరు చెప్పకు, మిగతాదంతా చెప్పు" అన్నది. "ఆ ఉత్తరం సంగతి కూడానా వదినా?" అన్నాను. అన్నేళ్ళ తరవాత మొదటిసారి ఆ మాట మా మధ్య వచ్చింది. "అది చెప్పకపోతే ఇంకేం చెబుతావు" అని నవ్వింది. ఆ ఉత్తరం ఇంకా ఆవిడ దగ్గరే ఉందట, చీరల పెట్టెలో.

ఆ మూడేళ్ళ కొడుక్కి కిందటి ఏడాది పెళ్ళి చేసింది. ముహూర్తం రాత్రిపూట. తొమ్మిదింటికి పంక్తి భోజనాలు జరుగుతున్నాయి. వదిన సంచీలోంచి చిన్న డబ్బీ తీసి, బిళ్ళ అరచేతిలో వేసుకుంది. పక్కనే కొత్త వియ్యపురాలు కూర్చుని ఉంది. ఒకప్పుడైతే లేచి ఏ గదిలోకో వెళ్ళి తలుపు వేసుకునేది. ఆ రోజు కదలలేదు. నావైపు చెయ్యి చాపి, "నీళ్ళు ఇటివ్వమ్మాయ్, నా వేళయింది" అన్నది.